కాలిన గాయం లోపలికి దిగకుండా ఆపే మందు ఉందా, లేదా?

పటమట_పద్మ: సంక్రాంతికి అరిసెల నూనె మా బాబు ముంజేతి మీద పడింది. ఆ రోజు పైపైనే కాలిందన్నారు. మూడో రోజుకి లోతుగా దిగింది, తొడ చర్మం తీసి అతికించారు. మొదట్లో ఒక తెల్ల ట్యూబు ఇచ్చి పంపేశారు, అంతే. సరైన మందు ఇస్తే ఆగేది కాదా? ఆ హాస్పిటల్ మీద కేసు వేస్తా.

మిర్చియార్డు: మా ఇంట్లో ఎవరికి కాలినా కలబంద గుజ్జే. మచ్చ కూడా ఉండదు.

గుంటూరు_మందులషాపు: పద్మగారూ, కాలిన చోట లోపల చచ్చిన కండ, దాని చుట్టూ రక్తం సరిగా ఆడక చావుబతుకుల్లో ఉన్న కండ, బయట ఎర్రబడిన చర్మం ఉంటాయి. జాక్సన్ అనే సర్జన్ 1953లోనే ఈ మూడు వలయాల గురించి రాశాడు. నడిమి వలయం రెండు మూడు రోజుల్లో అటో ఇటో తేలుతుంది. దాన్ని ఖాయంగా నిలబెట్టే మందు ఇంతవరకూ లేదు. మీ తెల్ల ట్యూబు సిల్వర్ సల్ఫాడయజిన్ అయ్యుంటుంది. అది చీము పట్టకుండా ఇచ్చేది.

పటమట_పద్మ: లేదంటే ఎలాగండీ? జపాన్‌లో విటమిన్ సి ఎక్కించారట కదా.

గుంటూరు_మందులషాపు: ఒంట్లో 30 శాతం పైన కాలినవాళ్లకి, మొదటి 24 గంటలు. వాళ్లకి వాపు తగ్గింది, సెలైన్ తక్కువ పట్టింది. ముంజేతికి కాదు.

కృష్ణలంక_కుర్రాడు: ఆ సిల్వర్ క్రీము రాస్తే మానడం ఆలస్యమవుతుందంటారుగా?

గుంటూరు_మందులషాపు: కొత్త రకం డ్రెస్సింగులతో పోలిస్తే నిజమే. ఒప్పుకుంటా.

పటమట_పద్మ: చూశారా! తప్పు వాళ్లదే.

మిర్చియార్డు: కలబంద అని మొదటే చెప్పా.

గుంటూరు_మందులషాపు: అమ్మా, ఒక్క మాట. కాలగానే కుళాయి కింద ఎంతసేపు పెట్టారు? 20 నిమిషాలు పెట్టాలి. వెంటనే కుదరకపోయినా మూడు గంటల్లోపు పనికొస్తుంది.

పటమట_పద్మ: అంటే నాదే తప్పంటారు! కౌంటర్ వెనక నిలబడి ఎన్నయినా చెప్పొచ్చు. నీళ్లు పోస్తే బొబ్బలెక్కుతాయని మా అత్తగారు నా చెయ్యి పట్టుకుని ఆపారు. ఇంకు పోశారు.

మిర్చియార్డు: మా అమ్మా అదే అనేది.

గుంటూరు_మందులషాపు: తప్పనలేదమ్మా. నేనూ మా పాప కాలికి టూత్‌పేస్టు పూసినవాణ్నే. అప్పటికే షాపు పెట్టి ఆరేళ్లు.

పటమట_పద్మ: ఆవిడ ఆ రోజు నుంచి వాడి చెయ్యి వైపు చూడటం లేదు. డాక్టర్లు సరిగా చూడలేదు, కేసు వేద్దాం అంటేనే నాలుగు ముద్దలు తింటున్నారు. ఇప్పుడు మందే లేదని ఎలా చెప్పను?

కృష్ణలంక_కుర్రాడు: అతికించిన చోట ఎండ తగలనివ్వకు అక్కా. నాకు నల్లబడిపోయింది.