గల్ఫ్ స్ట్రీమ్ తగ్గుతోందా? కేబుల్ మాట వినాలా, మోడల్ మాట వినాలా?

ఉప్పుగాలి:
ఒక వీడియోలో గల్ఫ్ స్ట్రీమ్, అదే అమెరికా తూర్పు తీరం వెంట పారే వెచ్చని సముద్ర ప్రవాహం, ఇవాళో రేపో ఆగిపోతుందన్నారు. ఇంకోచోట నలభై ఏళ్లుగా అది ఇసుమంత కూడా తగ్గలేదని రాశారు. రెండువైపులా పరిశోధన పత్రాలు చూపిస్తున్నారు. సూటిగా అడుగుతున్నా, నీళ్లలో దించిన పరికరం ఒకటి చెప్పి కంప్యూటర్ మోడల్ ఇంకొకటి చెప్తే దేన్ని నమ్మాలి? నా ఓటు కళ్లు మూసుకుని కొలతకే. మోడల్‌దేముంది, లోపల ఏది పోస్తే బయటికి అదే వస్తుంది.

మూడోఅల:
ముందు మీరు రెండు వేరే సంగతుల్ని కలిపేశారు. గల్ఫ్ స్ట్రీమ్‌ని ప్రధానంగా నడిపేవి గాలి, భూభ్రమణం. అది సముద్రానికి పడమటి అంచునే ఇరుగ్గా, జోరుగా ఎందుకు పారుతుందో సముద్ర శాస్త్రవేత్త స్టామెల్ 1948లోనే లెక్క కట్టి చూపించాడు. గాలి వీచినంత కాలం అది ఆగదు. గొడవంతా ఏమాక్ (AMOC) గురించి. పైనున్న వెచ్చని నీరు అట్లాంటిక్‌లో ఉత్తరానికి పోయి, అక్కడ చల్లబడి, బరువెక్కి మునిగి, అడుగున దక్షిణానికి తిరిగొస్తుంది చూడండి, ఆ పెద్ద తిరుగుడు పేరది. గల్ఫ్ స్ట్రీమ్ మొదట్లో, ఫ్లోరిడా జలసంధిలో పారేది సుమారు 32 స్వెర్‌డ్రప్‌లు. ఒక స్వెర్‌డ్రప్ అంటే సెకనుకు పది లక్షల ఘనపు మీటర్లు, ప్రపంచంలోని నదులన్నీ కలిపినా ఒకటి పైచిలుకే. ఏమాక్ సగటు దాదాపు 17. ఈ తేడా చెప్తే థంబ్‌నెయిల్‌లో పస ఉండదని వీడియోవాళ్లు చెప్పరు.

ఉప్పుగాలి:
సరే, ఏమాక్ అనే అనుకుందాం. నా ప్రశ్న మాత్రం అక్కడే ఉంది.

గ్రాఫ్‌పిచ్చి:
కొలతకే ఓటు అనేవాళ్లకి 2005 గుర్తుచేయాలి. 1957, 1981, 1992, 1998, 2004, ఈ ఐదుసార్లు ఓడలు అట్లాంటిక్‌ని అడ్డంగా దాటుతూ ఉష్ణోగ్రత, ఉప్పదనం కొలిచాయి. ఆ ఐదు చుక్కలు కలిపితే ఏమాక్ 30 శాతం పడిపోయినట్టు తేలింది, పెద్ద వార్తయింది. ఈలోగా 2004లోనే 26.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర రాపిడ్ వరుస పెట్టారు. అంటే సముద్రం అడుగున లంగరేసి నిలబెట్టిన తీగలు, వాటికి పొడవునా సెన్సర్లు, రాత్రీ పగలూ ఆగని కొలత. మొదటి ఏడాదిలోనే ప్రవాహం 4 స్వెర్‌డ్రప్‌లకి దిగింది, 35కి ఎక్కింది. ఒక్క ఏడాదిలో అంత ఊగేదాన్ని యాభై ఏళ్లలో ఐదుసార్లు చూసి ధోరణి తేల్చడమంటే, రోజుకో తీరున ఉండే మనిషిని పదేళ్లకోసారి పలకరించి స్వభావం రాసినట్టే. ఆ ఓడల కొలతలు తప్పని కాదు. చాలలేదు, అంతే.

ఉప్పుగాలి:
అంటే తెగకుండా కొలవాలి. మరి ఫ్లోరిడా కేబుల్ 1982 నుంచి దాదాపు తెగకుండానే కొలుస్తూ వచ్చిందిగా? దాన్నైనా నమ్మొచ్చా?

మూడోఅల:
ఆ తీగ లాగితేనే అసలు డొంకంతా కదిలింది. ఆ కేబుల్ నీటిని నేరుగా కొలవదు. అది ఫ్లోరిడాకీ బహామాస్‌కీ మధ్య అడుగున వేసిన టెలిఫోన్ కేబుల్. ఉప్పునీరు విద్యుత్తుని మోస్తుంది, అది భూ అయస్కాంత క్షేత్రంలో కదులుతుంటే ఈ ఒడ్డుకీ ఆ ఒడ్డుకీ మధ్య చిన్న వోల్టేజి పుడుతుంది. కేబుల్‌కి దొరికేది ఆ వోల్టేజి ఒక్కటే. దాన్ని స్వెర్‌డ్రప్‌లుగా మార్చాలంటే ఓడ మీద వెళ్లి వేరే కొలతతో సరిచూడాలి. ఒక పరికరాన్ని నీళ్లలో వదులుతారు, అది అడుగు తాకి తనంతట తను పైకొస్తుంది. వదిలిన చోటుకీ తేలిన చోటుకీ జీపీఎస్‌లో ఎంత దూరమొచ్చింది, ఎంతసేపు పట్టింది అని చూస్తే పైనుంచి అడుగుదాకా సగటు వేగం వచ్చేస్తుంది. నాకైతే ఈ మొత్తం వ్యవహారంలో ఇదే ముచ్చటైన పని.

ఇక మెలిక ఏంటంటే, భూ అయస్కాంత క్షేత్రం స్థిరంగా ఉండదు, ఆ ప్రాంతంలో అది మెల్లగా బలహీనపడుతోంది. క్షేత్రం తగ్గితే అంతే నీరు పారుతున్నా వోల్టేజి తగ్గుతుంది. మనమేమో ప్రవాహం తగ్గిందని చదువుకున్నాం! 2024లో ఈ లెక్క సరిచేశారు, 2000 నుంచి ఉన్న రికార్డుకి సవరణ కావాలని తేల్చారు. సరిచేశాక ఫ్లోరిడా ప్రవాహం నాలుగు దశాబ్దాలుగా దాదాపు ఉన్నచోటే ఉంది. మీరు చదివిన రెండోది ఇదే అయ్యుంటుంది. పైగా రాపిడ్ లెక్కలో ఫ్లోరిడా భాగం ఈ కేబుల్‌దే కాబట్టి అక్కడ కనిపించిన ఏమాక్ తగ్గుదల కూడా బాగా పలచబడింది, పూర్తిగా పోలేదు గానీ.

ఇప్పుడు చెప్పండి, వోల్టేజిని ప్రవాహంగా మార్చే ఆ సూత్రం మోడల్ కాక మరేంటి? రాపిడ్ కూడా అంతే. నడిసముద్రంలో వేగాన్ని నేరుగా కొలవరు, రెండు అంచుల్లో నీటి సాంద్రత తేడా తీసుకుని భూభ్రమణం లెక్కతో వేగం రాబడతారు. కళ్లు మూసుకుని నమ్మే కొలత ఎక్కడుంది?

ఉప్పుగాలి:
ఇది నాకు తెలీదు, ఒప్పుకుంటున్నా. కానీ ఇలా మాట్లాడితే ఏ కొలతా నిలవదు, చివరికి మోడల్‌వాళ్లదే రాజ్యం అవుతుంది.

గ్రాఫ్‌పిచ్చి:
వాళ్లదీ అంతంతమాత్రమే లెండి. ఎక్కువ వాతావరణ మోడల్స్‌లో సముద్రాన్ని గడులుగా విడగొట్టి లెక్కేస్తారు, ఒక్కో గడి ఒక డిగ్రీ, అంటే ఇంచుమించు 100 కిలోమీటర్లు. ఫ్లోరిడా జలసంధి మొత్తం ఒక్క గడిలో ఇమిడిపోతుంది! సుడులు అసలు కనిపించవు. నిజంలో గల్ఫ్ స్ట్రీమ్ అమెరికా తూర్పు తీరంలోని కేప్ హాటెరాస్ దగ్గర ఒడ్డు వదిలి నడిసముద్రంలోకి తిరుగుతుంది, ముతక గడుల మోడల్స్‌లో ఒడ్డునే పట్టుకుని ఇంకా ఉత్తరానికి పోతుంది. గడిని పదో వంతు డిగ్రీకి తగ్గిస్తే చాలావరకు దారికొస్తుంది గానీ, అంత సన్నగా పెట్టి వందల ఏళ్లు నడపాలంటే కంప్యూటర్లు మూలుగుతాయి.

ఏమాక్ కూలిపోవడం, అంటే ఆ తిరుగుడు ఆగిపోవడం గురించి కూడా అంతే. ఉపరితల ఉష్ణోగ్రతల రికార్డు చూసి 2025 నుంచి 2095 లోపు కూలుతుందని 2023లో ఒక పత్రం. 2024లో ఇంకొకరు మోడల్‌లో వెయ్యేళ్లకు పైగా మెల్లమెల్లగా మంచినీళ్లు పోస్తూ పోతే, నీరు తేలికై మునగక అది కూలింది. 2025లో 34 మోడల్స్ చూసినవాళ్లేమో, అంటార్కిటికా చుట్టూ ఉండే దక్షిణ సముద్రపు గాలులు నీటిని పైకి లాగుతూనే ఉంటాయి కాబట్టి బాగా నీరసిస్తుంది గానీ పూర్తిగా ఆగదన్నారు. ఈ శతాబ్దంలో తగ్గుతుందన్న దగ్గర మాత్రం మోడల్స్ అన్నీ దాదాపు ఒక్క మాట మీదే ఉన్నాయి. ఎంత అన్నదే తగవు.

మూడోఅల:
ఉప్పుగాలి గారూ, మోడల్‌వాళ్లదే రాజ్యం అనడం నా ఉద్దేశం కాదు. అయస్కాంత క్షేత్రం తప్పుని పట్టుకున్నది కూడా కేబుల్‌ని దగ్గరుండి చూసుకునేవాళ్లే, ఏ మోడలూ కాదు. 2009-10లో ఏమాక్ ఏకంగా 30 శాతం పడి మళ్లీ లేచిందే, దాన్ని రాపిడ్ చూపించింది. ఆ తీగలు అక్కడ లేకపోతే మనకి ఆ పడటమూ తెలీదు, లేవడమూ తెలీదు. నేను అడిగేదల్లా ఒకటే, గ్రాఫ్ చూపించేవాళ్లని ‘పరికరం చదివిందేంటి, మీరు లెక్కేసిందేంటి’ అని విడివిడిగా చెప్పమనండి.

ఉప్పుగాలి:
ఓటు ఇంకా కొలతకే, కళ్లు మాత్రం తెరిచాను. ఇక్కడ టైటిల్ మార్చే ఆప్షన్ ఎక్కడుందో ఎవరైనా చెప్తారా? గల్ఫ్ స్ట్రీమ్ తీసేసి ఏమాక్ అని పెట్టాలి.