9,200 పౌండ్ల టోయింగ్ ఉన్న పికప్‌కి 7,600 పౌండ్ల ట్రైలర్ తగిలించొచ్చా?

ప్లేనో_పికప్:
అందరికీ నమస్తే. డాలస్ పక్కన ప్లేనోలో ఉంటాం. మాది 2019 హాఫ్ టన్ (తేలిక తరగతి) పికప్, క్రూ క్యాబ్, ఫోర్ వీల్ డ్రైవ్, టర్బో లేని వీ8. టోయింగ్ గైడ్‌లో మా మోడల్‌కి 9,200 పౌండ్లు లిమిట్ అని ఉంది, ట్రక్కూ ట్రైలరూ కలిపి జీసీడబ్ల్యూఆర్ 15,100. ఒక ట్రావెల్ ట్రైలర్ చూశాం. ఖాళీ బరువు 5,900, జీవీడబ్ల్యూఆర్ (సామానుతో కలిపి దాటకూడని మొత్తం బరువు) 7,600, బ్రోచర్‌లో హిచ్ వెయిట్ 640. "హాఫ్ టన్ బండికి సరిపోతుంది, ఇంకా 1,600 మిగులుతుంది" అని సేల్స్‌మన్ అంటున్నాడు.

మేం ఐదుగురం, పెద్దా చిన్నా అందరి బరువూ కలిపి 600 పౌండ్లు. బెడ్‌లో జనరేటర్, కూలర్, సైకిళ్లు కలిపి 200 దాకా వస్తాయి. జూన్‌లో కొలరాడో స్ప్రింగ్స్ వెళ్లాలని ఉంది: 287 హైవే మీద అమరిల్లో, అక్కడి నుంచి రటోన్ పాస్ ఎక్కి ఐ-25. ట్రైలర్ రేటింగూ ట్రక్ టోయింగ్ లిమిటూ పోల్చి చూసుకుంటే చాలా, ఇంకేమైనా చూడాలా?

హిచ్‌పిన్:
డిపాజిట్ ఇంకా కట్టకపోతే రెండు రోజులు ఆగండి. మీరు పోల్చిన రెండు నంబర్లూ నిజమే గానీ, హాఫ్ టన్ బండి చేతులెత్తేసేది అక్కడ కాదు. ముందుగా లిమిట్ దాటేది పేలోడ్ (బండి తన మీద మోయగల బరువు), ఆ తర్వాత వెనక యాక్సిల్. టోయింగ్ లిమిట్ దాకా వెళ్లకముందే ఈ రెండూ అయిపోతాయి.

ఎందుకంటే 9,200 అనే అంకె ఎస్ఏఈ జే2807 అనే టోయింగ్ పరీక్ష ప్రమాణం పద్ధతిలో వచ్చింది. అందులో బండిలో డ్రైవరూ పక్కన ఒక ప్యాసింజరూ, మనిషికి 150 పౌండ్ల చొప్పున మాత్రమే ఉంటారు. టంగ్ వెయిట్ (బ్రోచర్‌లో హిచ్ వెయిట్ అన్నది ఇదే, ట్రైలర్ ముందు కొన ట్రక్ మీద మోపే బరువు) ట్రైలర్ బరువులో 10 శాతం అనుకుంటారు. వెనక సీట్లో ముగ్గురు, బెడ్‌లో జనరేటర్ ఆ లెక్కలో లేనే లేరు. ఇంకోటి, ఒకే ఇంజిన్ ఉన్న బండికే వెనక యాక్సిల్ రేషియో 3.31 అయితే ఒక లిమిట్, 3.73 అయితే ఇంకో లిమిట్. గైడ్‌లో మీరు చూసిన గడి మీ బండిదేనా అని డోర్ లేబుల్ మీద యాక్సిల్ కోడ్‌తో సరిపోల్చుకోండి.

డ్రైవర్ డోర్ తెరిస్తే పిల్లర్ మీద పసుపు రంగు పట్టీ ఉన్న టైర్ స్టిక్కర్ ఉంటుంది. "మనుషులూ సామానూ కలిపి ఇంత బరువు దాటకూడదు" అన్న లైన్ అందులోనే. అదే మీ బండి అసలు పేలోడ్. బ్రోచర్‌లోది కాదు, వెబ్‌సైట్‌లోది అసలే కాదు. సన్‌రూఫూ పెద్ద చక్రాలూ ఉన్న బండికి అదే మోడల్ బేసిక్ బండి కంటే కొన్ని వందల పౌండ్లు తక్కువ వస్తుంది. దాని దగ్గరే ఇంకో లేబుల్ మీద జీవీడబ్ల్యూఆర్, ముందు వెనక యాక్సిల్ రేటింగులు ఉంటాయి. తర్వాత కిందికి వంగి హిచ్ రిసీవర్ (బండి వెనక హిచ్ దూర్చే గొట్టం) మీది స్టిక్కర్ చదవండి. ఈ నంబర్లన్నీ ఇక్కడ రాస్తే లెక్క వేసేద్దాం.

ప్లేనో_పికప్:
చూశానండీ. పసుపు స్టిక్కర్ మీద 1,510 పౌండ్లు. జీవీడబ్ల్యూఆర్ 7,050. వెనక యాక్సిల్ 4,050. రిసీవర్ మీద రెండు వరసలున్నాయి: వెయిట్ క్యారీయింగ్ 5,000/500, వెయిట్ డిస్ట్రిబ్యూటింగ్ 10,500/1,050. యాక్సిల్ కోడ్ గైడ్‌తో కలిసింది.

హిచ్‌పిన్:
ఇప్పుడు లెక్క.

ట్రైలర్ ఖాళీగా 5,900 అన్నారు గానీ ఖాళీగా ఎవరూ లాగరు. 50 గాలన్ల మంచినీళ్లు నింపితేనే 417 పౌండ్లు, గాలన్‌కి 8.34 లెక్కన. 20 పౌండ్ల ప్రొపేన్ సిలిండర్ నిండుగా ఉంటే ఇనుముతో కలిపి సుమారు 37, అలాంటివి రెండు. బ్యాటరీ ఒకటి 60 దాకా. గిన్నెలు, పక్కబట్టలు, బియ్యం పప్పులు, కుర్చీలు, గొట్టాలు... ఐదుగురి కుటుంబానికి 7,200 అవుతుందనుకోవడం సబబు.

టంగ్ వెయిట్ బరువులో 10 నుంచి 15 శాతం మధ్య ఉండాలి. 13 శాతం వేస్తే 936. బ్రోచర్‌లోని 640 నమ్మొద్దు. చాలా కంపెనీలు ఆ అంకెలో సిలిండర్లనీ బ్యాటరీనీ కలపవు, ఆ రెండూ సరిగ్గా టంగ్ మీదే కూర్చుంటాయి.

టంగ్ 936 + హిచ్ సామాను 90 + మనుషులు 600 + బెడ్ 200 = 1,826. స్టిక్కర్ 1,510. అంటే 316 పౌండ్లు ఎక్కువ. టోయింగ్ లిమిట్‌లో మాత్రం ఇంకా 2,000 మిగిలే ఉన్నాయి! సేల్స్‌మన్ చూపించింది ఈ రెండో లైన్ ఒక్కటే. "హాఫ్ టన్ టోవబుల్" అని బ్రోచర్‌లో వేసే ముద్రకి వెనక ఏ ప్రమాణమూ లేదు.

రిసీవర్ సంగతి కూడా గమనించండి. మామూలు బాల్ మౌంట్ మీద మీకు 500 పౌండ్ల టంగ్ వరకే. 936కి వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ (టంగ్ బరువులో కొంత బార్లతో ముందు చక్రాలకీ ట్రైలర్ చక్రాలకీ పంచేది) తప్పనిసరి. బాల్ మీద చెక్కిన రేటింగూ చూడాలి, కప్లర్ (బాల్ మీద కూర్చునే ట్రైలర్ మూతి) మీద రాసిన సైజూ చూడాలి. ఈ తరహా ట్రైలర్లకి ఎక్కువగా 2-5/16 అంగుళాల బాల్ వస్తుంది. దాని కప్లర్‌ని 2 అంగుళాల బాల్ మీద దించితే లాచ్ పడినట్టే ఉంటుంది, గతుకు రాగానే ఎగిరిపోతుంది.

గార్లాండ్_గోదారి:
మధ్యలో ఒక మాట. ఈ వీ8 7,200 పౌండ్లు హాయిగా లాగుతుంది. పేలోడ్ మూడొందలు ఎక్కువైతే వెనక ఎయిర్ బ్యాగులు వేయిస్తే సరి, బండి కిందికి కుంగదు. చాలామంది చేసేది అదే కదా?

సర్వీస్‌బే:
లాగడం గురించి ఇక్కడ పేచీ లేదు అన్నా. ఆపడం, నిలకడగా ఉండడం గురించే. ఎయిర్ బ్యాగ్ స్ప్రింగ్‌కి సాయం చేస్తుంది, అంతే. యాక్సిల్, వీల్ బేరింగులు, టైర్లు, బ్రేకులు, ఫ్రేమ్ అలాగే ఉంటాయి కాబట్టి స్టిక్కర్ మీది అంకె ఒక్క పౌండ్ కూడా పెరగదు. పైగా బ్యాగ్‌తో వెనక భాగం లేచిందంటే అంతా సర్దుకుందన్న భ్రమ కలుగుతుంది. ముందు చక్రాల మీద తగ్గిన బరువు తిరిగి రాదు. స్టీరింగ్ తేలిగ్గా తిరుగుతుంది, గట్టిగా బ్రేక్ వేస్తే ముందు టైర్లకి పట్టు చాలదు. ఆ బరువుని ముందుకి పంపే పని వెయిట్ డిస్ట్రిబ్యూషన్ బార్లది.

బార్లు సెట్ చేసేటప్పుడు టేపు పట్టుకోండి. ట్రైలర్ లేకుండా ముందు ఫెండర్ అంచు నేల నుంచి 37-1/4 అంగుళాలు ఉందనుకోండి. ట్రైలర్ దించాక, బార్లు వేయకుండా, 38-1/4కి లేచింది. బార్లు వేశాక ఎంతకి దిగాలన్నది మీ మాన్యువల్ చెబుతుంది. కొన్ని కంపెనీలు లేచినదాంట్లో సగం దించమంటాయి, అంటే 37-3/4. కొన్ని పూర్తిగా దించమంటాయి. అంతకు మించి దించితే వెనక చక్రాలు తేలికైపోయి తడి రోడ్డు మీద జారతాయి.

ఇంకో తప్పు దారి గురించి ముందే చెప్తున్నా. పేలోడ్ తగ్గించడానికి ట్రైలర్‌లో సామాను వెనక్కి జరిపి టంగ్ తేలిక చేద్దామని చాలామందికి తోస్తుంది. దయచేసి ఆ పని చేయొద్దు. టంగ్ 10 శాతం కంటే తగ్గితే ట్రైలర్ తోక ఊపడం మొదలెడుతుంది, 287 మీద పక్కగాలికీ పెద్ద లారీ దాటినప్పుడూ అది పెరుగుతూ పోతుంది. నీళ్ల ట్యాంకు యాక్సిళ్లకి వెనక ఉన్న ట్రైలర్ అయితే ట్యాంకు నింపినా ఇదే జరుగుతుంది, కొనేముందు ట్యాంకు ఎక్కడుందో అడగండి. ఊపు వచ్చిందంటే కాలు యాక్సిలరేటర్ మీంచి తీసేయాలి, స్టీరింగ్ నిటారుగా పట్టుకోవాలి, బ్రేక్ కంట్రోలర్ (క్యాబ్‌లోంచి ట్రైలర్ బ్రేకులు వేసేది) లీవర్‌ని చేత్తో జరిపి ట్రైలర్ బ్రేకులు మాత్రమే వేయాలి. ట్రక్ బ్రేక్ తొక్కితే వెనక నుంచి ట్రైలర్ తోసి మడత పడేస్తుంది.

హిచ్‌పిన్:
దీనికి కాటా లెక్క కూడా జోడిస్తాను. కాగితం మీద చేసింది అంచనా మాత్రమే, అసలు తీర్పు క్యాట్ స్కేల్‌ది, అంటే లారీలు తూచే కాటాది. ట్రక్ స్టాపుల్లో ఉంటాయి. స్టీర్, డ్రైవ్, ట్రైలర్ అని మూడు పలకలు, మూడు బరువులు విడివిడిగా టికెట్ మీద వస్తాయి. మూడుసార్లు తూయాలి: ట్రక్ ఒక్కటే (మనుషులు, సామాను, హిచ్ హెడ్‌తో), ట్రైలర్ తగిలించి బార్లు వేయకుండా, బార్లు వేసి.

మీ అంకెలతోనే ఉదాహరణ వేస్తే సుమారుగా ఇలా రావాలి. ట్రక్ ఒక్కటే: స్టీర్ 3,360, డ్రైవ్ 3,080, మొత్తం 6,440. బార్లు లేకుండా: స్టీర్ 2,940, డ్రైవ్ 4,440, ట్రైలర్ యాక్సిళ్లు 6,260. ట్రక్ 7,380 అయింది కదా, అందులోంచి 6,440 తీసేస్తే 940, అదే మీ టంగ్ వెయిట్. బార్లు వేశాక: స్టీర్ 3,160, డ్రైవ్ 4,100, ట్రైలర్ 6,380. బార్లు ముందు చక్రాలకి 220, ట్రైలర్ చక్రాలకి 120 పంపాయి. అయినా ట్రక్ 7,260, అంటే జీవీడబ్ల్యూఆర్ మీద 210 ఎక్కువ. వెనక యాక్సిల్ 50 ఎక్కువ. హిచ్ అన్నీ సర్దేస్తుందన్న మాట అందుకే నేను ఒప్పుకోను.

కొలరాడో_తోవ:
రటోన్ పాస్ అన్నారు కాబట్టి ఇది. అక్కడ ఎత్తు 7,834 అడుగులు. టర్బో లేని ఇంజిన్‌కి పైకెళ్లేకొద్దీ గాలి పల్చబడి బలం తగ్గుతుంది. వెయ్యి అడుగులు దాటాక ప్రతి వెయ్యి అడుగులకి 2 శాతం చొప్పున జీసీడబ్ల్యూఆర్ తగ్గించుకోమని కొన్ని కంపెనీల మాన్యువల్‌లోనే ఉంటుంది. ఆ లెక్కన 15,100లో సుమారు 14 శాతం పోతే 13,000 దగ్గర మిగులుతుంది. పై టికెట్‌లో మొత్తం బరువు 13,640. ప్లేనోలో పాసైన జీసీడబ్ల్యూఆర్ కూడా అక్కడ ఫెయిల్. దిగేటప్పుడు టో/హాల్ మోడ్ (బరువు లాగేటప్పటి గేరు సెట్టింగ్) వేసి, దిగుడు మొదలవకముందే గేరు తగ్గించండి. బ్రేక్ మీద కాలు అలా ఆనించి ఉంచితే వేడెక్కి పట్టు వదిలేస్తాయి. గట్టిగా ఒకసారి తొక్కి వేగం తగ్గించి వదలాలి.

మాన్యువల్‌లో ట్రైలర్ ముఖం వైశాల్యం మీద కూడా ఒక పరిమితి ఉంటుంది, అది ఎవరూ చదవరు. 8 అడుగుల వెడల్పు, ఎత్తైన పెట్టె లాంటి ట్రైలర్‌కి అమరిల్లో ఎదురుగాలిలో బరువు కన్నా గాలే ఎక్కువ భారం.

టైర్లు: ఈ సైజు ట్రైలర్లకి ఎస్‌టీ205/75ఆర్14 లోడ్ రేంజ్ (టైర్ మోసే బరువు తరగతి) సీ వేసి ఇస్తే, 50 పీఎస్ఐ దగ్గర ఒక్కోటి 1,760 పౌండ్లు మోస్తుంది. మీ లెక్కలో 6,380ని నాలుగు పెడితే 1,595. మిగులు పది శాతమే, అదీ నాలుగింటి మీదా బరువు సమానంగా పడితే. లోడ్ రేంజ్ డీ అయితే 65 పీఎస్ఐ దగ్గర 2,040. రిమ్ములు ఆ ప్రెషర్‌కి తగినవో కాదో చూసి మార్పించుకోవడం మంచిది. ట్రైలర్ టైర్లలో గాలి ఎప్పుడూ చల్లగా ఉన్నప్పుడే, పక్క గోడ మీద రాసిన పూర్తి ప్రెషర్‌కి.

ప్లేనో_పికప్:
చాలా థాంక్స్ అండీ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. అయితే ఇది వదిలేస్తాం. ఇదే బండితో ఎంత ట్రైలర్ దాకా చూడొచ్చు? లేక త్రీ క్వార్టర్ టన్‌కి (ఇంకో మెట్టు పెద్ద పికప్‌కి) మారడమే దారా?

హిచ్‌పిన్:
వెనక నుంచి లెక్క వేయండి. 1,510లోంచి మనుషులు 600, హిచ్ 90 తీసేస్తే 820. బెడ్ ఖాళీగా ఉంచి సామానంతా ట్రైలర్‌లో యాక్సిళ్ల దగ్గర పెడితే, 820ని 0.13తో భాగిస్తే 6,300. అది నింపిన తర్వాతి బరువు. బెడ్‌లో ఆ 200 ఉండాల్సిందే అంటే 620 మిగులుతుంది, ట్రైలర్ 4,770 దగ్గర ఆగిపోతుంది. బెడ్‌లో పెట్టే ప్రతి పౌండూ ట్రైలర్‌లో ఏడు పౌండ్లకి పైగా తినేస్తోందని చూడండి.

కాబట్టి జీవీడబ్ల్యూఆర్ 6,000 దాటని ట్రైలర్ వెతకండి. అప్పుడు బెడ్ ఖాళీగా, టంగ్ 13 శాతం దగ్గర ఉంటే, ఆ రేటింగ్ దాకా నింపినా లిమిట్ దాటదు. ట్రక్ 7,010 వస్తుంది, 7,050లో ఇముడుతుంది. మొత్తం 12,230, రటోన్ మీద కూడా లోపలే. ట్రైలర్ తలుపు దగ్గర దాని సామాను కెపాసిటీ స్టిక్కర్ ఉంటుంది, అది 1,200 కంటే తక్కువుంటే ఐదుగురికి ఇరుకు.

త్రీ క్వార్టర్ టన్ చూస్తే పెట్రోల్ ఇంజినే చూడండి. డీజిల్ ఇంజిన్ బరువు ఎక్కువ, పైగా జీవీడబ్ల్యూఆర్ 10,000 దగ్గర కట్టేసిన మోడళ్లలో పేలోడ్ 2,000 దగ్గరే ఆగిపోతుంది. ఏది కొన్నా లాట్‌లో ఆ బండి డోరే తెరిచి ఫోటో తీసుకోండి.

సర్వీస్‌బే:
ట్రైలర్ తెచ్చుకున్న రోజు చేయాల్సినవి. టెక్సస్‌లో 4,500 పౌండ్లు దాటిన ట్రైలర్‌కి బ్రేకులు ఉండాలి, కాబట్టి 7-పిన్ ప్లగ్, బ్రేక్ కంట్రోలర్ పనిచేస్తున్నాయో డీలర్ ముందే చూడండి. ఖాళీ పార్కింగ్ లాట్‌లో 20-25 మైళ్ల వేగంలో లీవర్ పూర్తిగా జరిపి, ట్రైలర్ చక్రాలు లాక్ అయ్యే దాకా గెయిన్ (బ్రేకు బలం) పెంచి, అక్కడి నుంచి కాస్త తగ్గించండి. నీళ్లు నింపాక మళ్లీ సెట్ చేయాలి. సేఫ్టీ చెయిన్లు టంగ్ కింద ఒకదానిమీదొకటి అడ్డంగా రావాలి. బ్రేక్‌అవే కేబుల్ (ట్రైలర్ విడిపోతే దాని బ్రేకులు పడేలా చేసేది) బాల్ మౌంట్‌కి కాదు, ట్రక్‌కే విడిగా తగిలించాలి. మౌంట్ ఊడొస్తే దానితో పాటు కేబులూ వచ్చేసి బ్రేకులు పడవు. చక్రాల నట్లు టార్క్ రెంచ్‌తో 10, 25, 50 మైళ్ల దగ్గర మళ్లీ బిగించండి, కొత్త రిమ్ముల మీద అవి వదులయ్యే అవకాశం ఎక్కువ.