దివాణమా, శాఖా? ఒక అనువాద చిక్కు

మిత్రులారా, ఒక మాట దగ్గర బండి ఆగిపోయింది, కాస్త చెయ్యి వేయండి. ఇస్లామిక్ స్టేట్ ముఠా మోసుల్ నగరాన్ని ఏలినప్పటి కాగితాల మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. 2014 జూన్‌లో ఆ ఊరు వాళ్ల చేతికి చిక్కింది, 2017 జూలైలో విడిపించారు. ఆ మూడేళ్లలో వాళ్లు తలలు నరకడంతో సరిపెట్టలేదు, కుప్పలుగా కాగితాలు రాశారు. లాక్కున్న పొలాలకు కౌలు పత్రాలు, జీతాల పట్టీలు, జరిమానా చీటీలు, పెళ్లి పత్రాలు. పారిపోతూ వదిలేసిన వాటిని ఒక్క అమెరికా పత్రిక వాళ్లు ఏరితేనే పదిహేను వేల పుటలు దాటాయి.

చిక్కు ఏమిటంటే, ప్రతి కాగితం నెత్తిన ఏదో ఒక 'దివాన్' పేరు ఉంటుంది. వ్యవసాయానికి దివాన్ అజ్‌జిరాఆ, వైద్యానికి దివాన్ అస్‌సిహ్హా, గడ్డాలూ బురఖాలూ తనిఖీ చేసేవాళ్లకు దివాన్ అల్‌హిస్బా. 'వ్యవసాయ శాఖ' అని రాసి చూశాను, మింగుడుపడలేదు. శాఖ అనగానే ఒక మంత్రి, బడ్జెట్లో ఒక పద్దు, ఫిర్యాదు చేసుకునే హక్కు వెంట వచ్చేస్తాయి. 'విభాగం' చప్పగా ఉంది. 'దివాణం' అంటే జమీందారు గారి లోగిలి కళ్ల ముందు నిలుస్తోంది. ఏం రాయమంటారు?

* * *

అమ్మా, రెవెన్యూలో ముప్పై ఏళ్లు కాగితాలు మోసినవాణ్ణి కనుక నాకు తోచింది చెబుతాను. దివాణానికి లోగిలి అర్థం చాలా ఆలస్యంగా వచ్చింది. పారశీకం నుంచి అరబ్బీకి వెళ్లిన ఈ మాటకు మొదట్లో అర్థం పట్టీ, చిట్టా. క్రీ.శ. 640 ప్రాంతంలో రెండో ఖలీఫా ఉమర్ తన సైనికుల పేర్లు, ఎవరికి ఎంత భృతి ముట్టాలో రాయించిన పట్టీయే ఆయన దివాన్. తరువాత ఆ పట్టీ ఉన్న గది దివాన్ అయింది, ఆ గదిలో జరిగే కొలువు దివాన్ అయింది, చివరికి కొలువుకు పెద్ద అయిన మనిషీ దివాన్ అయ్యాడు. మన దఫ్తరం నడక కూడా ఇదే. కరణం గారి చంకలోని కాగితాల కట్టా దఫ్తరమే, ఆ కట్టలు పేర్చిన కార్యాలయమూ దఫ్తరమే.

పద్నాలుగో శతాబ్దపు అరబ్బు చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ ఒక సరదా వ్యుత్పత్తి చెబుతాడు. పారశీక చక్రవర్తి ఒకసారి తన లెక్కల గుమాస్తాలను చూడబోయాడట. వాళ్లు తమలో తాము గొణుక్కుంటూ కూడికలు వేస్తున్నారు. "దివానే" అన్నాడట, అంటే పిచ్చివాళ్లని. నమ్మాల్సిన పని లేదు గానీ, మార్చి నెలాఖరులో మా కార్యాలయం చూసి ఉంటే మీరూ అదే మాట అనేవారు.

ఇక మన సంగతి. నిజాం రాష్ట్రంలో 1853 నుంచి 1883 దాకా మొదటి సాలార్‌జంగ్ దివాన్. సర్కారు భూములు దివానీ, నిజాం సొంతానివి సర్ఫ్-ఎ-ఖాస్. బెంగాల్లో 1765లో తూర్పు ఇండియా కంపెనీ మొఘల్ చక్రవర్తి నుంచి రాయించుకున్నదీ దివానీయే. వర్తకులు ఆ ఒక్క మాటతో శిస్తు వసూలు చేసే ఏలికలైపోయారు. కాబట్టి తనది కాని గద్దె మీద కూర్చున్నవాడు ఈ మాటను తగిలించుకోవడం కొత్త కాదు. నిర్భయంగా 'దివాణం' రాయండి.

* * *

మా ఇంట్లో దివాన్ కాట్ ఉంది. పరుపు ఎత్తితే కింద అరలో పదేళ్ల కరెంటు బిల్లులు, అత్తగారి పింఛను కాగితాలు. ఉమర్ గారి అర్థానికి మేమే వారసులం.

* * *

అక్కా, నేను కువైట్‌లో ఉంటాను, మాది కడప జిల్లా. ఇక్కడ ఈ మాట రోజూ చెవిన పడుతుంది. మగవాళ్లు సాయంత్రం చేరి గహ్వా తాగే గది దివానియా. పాలకుడి కార్యాలయం అమీరీ దివాన్. మంత్రిత్వ శాఖను మాత్రం వజారా అంటారు, మన వజీరు ఉన్నాడే ఆ వేరు. ఇరాక్‌లో కూడా వజారాయే. ఆ ముఠా వజారాను వదిలి దివాన్‌ను ఎత్తుకుంది అంటే ఊరికే కాదని నా అనుమానం. 'మేం మీలాంటి ఇప్పటి ప్రభుత్వం కాదు, పాత ఖలీఫాల కొలువు' అని చెప్పుకోవడానికే. 'శాఖ' అని రాస్తే ఆ వేషం కనిపించకుండా పోతుంది.

అయితే ఆ కుర్చీల్లో కూర్చున్నది ఎవరు? మోసుల్ పట్టుకున్న కొన్ని వారాలకే మసీదు మైకుల్లో చాటింపు వేసి పాత సర్కారు గుమాస్తాలనే పనిలోకి రమ్మన్నారు. అదే బల్ల, అదే మనిషి, మారింది నెత్తిన ముద్ర. ఆ గుమాస్తా వైపు నుంచి చూస్తే అది శాఖే.

రసీదు గురించి ఒక ముక్క. ఇక్కడ బిల్లు మీద 'ఈసాల్' అని ఉంటుంది, ఇరాక్ వాళ్లు 'వసల్' అంటారు. మన వసూలుదీ అదే వేరు, చేరడం అని అర్థం. రసీదు పారశీకం, దానికీ అర్థం చేరిందనే. తెలుగులో మనం 'సొమ్ము ముట్టింది' అంటాం, ముట్టడమన్నా తాకడం, చేరడమే. ముగ్గురూ ఒకరిని చూసి ఒకరు రాయలేదు కదా!

ఈ రసీదు పిచ్చి ఆ ముఠా ఒక్కదానిదే కాదు. 2012లో మాలీ దేశపు టింబక్టూను అల్‌ఖైదా వాళ్లు పట్టుకున్నప్పుడు, నల్ల జెండాల బండ్లు దూసుకొచ్చి ఒక కిరాణా కొట్టు ముందు ఆగాయట. దోపిడీ అనుకుని కొట్టతను గల్లాపెట్టెకు తాళం వేసి బల్ల వెనక నక్కాడు. వచ్చిన నాయకుడు మెల్లగా తలుపు తీసి ఒక ఆవముద్ద సీసా అడిగాడు. డబ్బిచ్చి, దానికి రసీదు అడిగాడు. అర్థంకాక కొట్టతను నిలబడిపోతే మళ్లీ అడిగాడు. సీసా ఖరీదు ఒక డాలరు అరవై సెంట్లు. వాళ్లు వదిలి వెళ్లిన భవనంలో ఇలాంటి రసీదులు వందకు పైగా దొరికాయి, సబ్బుకూ బల్బుకూ కూడా. వాళ్ల పెద్దలు బెల్‌మొఖ్తార్ అనే దళపతికి అదే ఏడాది అక్టోబరులో రాసిన లేఖలో ఫోను ఎత్తడు, ఖర్చుల లెక్క పంపడు అని చీవాట్లు పెట్టారు. ఆయన అలిగి వేరు కుంపటి పెట్టి, మరుసటి జనవరిలో అల్జీరియాలోని గ్యాస్ కర్మాగారం మీద పడి పదుల మందిని చంపించాడు.

* * *

తమ్ముడూ, ముట్టడం సంగతి నాకు తట్టనేలేదు. సార్, దివాణంతో మాత్రం నాకింకా పేచీయే. ఎందుకో చూడండి. చమురూ తవ్వకాల్లో దొరికిన పురాతన వస్తువులూ చూసే కొలువు పేరు దివాన్ అర్‌రికాజ్. రికాజ్ అంటే భూమిలో పాతిపెట్టిన ధనం, ఇస్లాం ధర్మశాస్త్రం ప్రకారం దొరికినదాంట్లో ఐదో వంతు ఖజానాకు. 2015 మేలో సిరియాలోని దేర్ అజ్‌జోర్ దగ్గర అమెరికా సేనలు జరిపిన దాడిలో ఆ ఐదో వంతు రసీదులు దొరికాయి. కొన్ని నెలల్లోనే 2 లక్షల 65 వేల డాలర్లకు పైగా. వేల ఏళ్ల శిల్పాన్ని దొంగదారిన అమ్ముకో, మా వంతు కట్టు, చీటీ పట్టుకెళ్లు! దీన్ని 'నిక్షేపాల దివాణం' అంటే అందంగా ఉంది, ఆ అందమే నాకు భయం.

* * *

అమ్మా, 'నిక్షేపం' భలే పట్టారు. మన పాత క్రయ దస్తావేజుల్లో 'నిధి నిక్షేప జల తరు పాషాణ' అని గడగడా రాసేవాళ్లం. కొన్నవాడికి చివరికి దక్కేది పాషాణాలే అయినా నిక్షేపం మాత్రం తప్పక రాయాలి. దివాణం మీద పట్టుబట్టను. ఎలాగూ మీ చేతిలో కలం ఉంది.

* * *

సార్, చివరికి 'దివాన్'ను కదపలేదు, మొదటిసారి వచ్చినచోట 'దివాన్, అంటే కొలువు' అని రాసి ముందుకు పోయాను. మీరు చెప్పిన పట్టీ అర్థం ఇంకోచోట అక్కరకు వచ్చింది. సరిహద్దు దాటి వచ్చి చేరినవాళ్లతో వాళ్లు నింపించిన పత్రం ఒకటి ఉంది, ఇరవై మూడు గడులు. తల్లి పేరు, రక్తం గ్రూపు, చదువు, సిఫారసు చేసినదెవరు, పోరాటానికా ఆత్మాహుతికా. చిట్టచివరి గడి, చనిపోయిన తేదీ, చోటు. అది చేరినవాడు నింపేది కాదు, గుమాస్తా తరువాత నింపుకునేది. నేను 'దరఖాస్తు' అని రాశాను గానీ ఆ ఆఖరి గడి చూశాక కొట్టేసి 'పేర్ల పట్టీ' చేశాను.

ఇప్పుడు పేచీ మరో కాగితంతో. వైద్యం దివాన్ ముద్రతో పసిపిల్లలకు ఇచ్చిన కాగితాలు. ఊరు విడుదలయ్యాక ఇరాక్ ప్రభుత్వం వాటిని చెల్లనివి అంది, ఆ పిల్లల తల్లిదండ్రులు మళ్లీ మొదటినుంచి నమోదు కోసం తిరగాల్సి వచ్చింది. మా సంపాదకుడు దాన్ని 'జనన ధ్రువీకరణ పత్రం' అని దిద్దారు. ఏ కార్యాలయంలోనూ దేన్నీ ధ్రువీకరించని కాగితానికి అంత పేరెందుకని నేను 'పుట్టుక చీటీ' అని మార్చాను. బిడ్డ పుట్టిన మాట నిజమే కదా, దాన్ని చీటీ అని తేలిక చేస్తావేం అని ఆయన. రాత్రి పదిన్నరకు మళ్లీ ఫోను చేస్తానన్నారు.