అప్‌డేట్: బెంగాలీ అబ్బాయితో పెళ్లి, చేప గొడవ తేలింది

మాది ఉల్లిపాయ కూడా ముట్టని ఇల్లు. బెంగాలీలేమో పెళ్లికూతురికి పంపే పసుపు సారెలో అలంకరించిన చేప పెట్టాల్సిందే. ఏం చేయాలో చెప్పమని అడిగాను కదా, అది తేలింది.

మా అత్తగారే దారి చూపించారు. అసలు చేప బదులు సందేశ్ మిఠాయితో చేసిన చేప పంపారు. వాళ్లలో అదీ ఉందట. ఇత్తడి పళ్లెంలో జీడిపప్పు పొలుసులు, లవంగం కన్ను, పైన బుల్లి ఎర్ర చీర. అమ్మమ్మ కాసేపు అనుమానంగా చూసి, "తల నాకొద్దు" అని తోక విరుచుకుంది.

నాన్న మాత్రం ఊరుకోలేదు. "భీమవరం చేపలు లారీల్లో కలకత్తా వెళ్తుంటే, మీరు ఇక్కడికి తేవడమేంటి బావగారూ?" అన్నారు. మామగారు పడీపడీ నవ్వారు. టెన్షన్ అక్కడే సగం దిగింది.

పెళ్లి తంతుల దగ్గర పెద్దగా పేచీ రాలేదు. మన అడ్డుతెరా ఉంది, వాళ్ల లెక్కన తమలపాకులతో నా కళ్లూ మూశారు. ఇక మిగిలింది కోల్‌కతాలో బౌభాత్, అంటే పెళ్లయ్యాక అబ్బాయి వాళ్లింట్లో ఇచ్చే విందు. అమ్మ ఇప్పుడే ఆవకాయ జాడీకి మూత బిగిస్తోంది, నాన్న కుక్కర్ కూడా సర్దమంటున్నారు.