ఇండియా స్టాంపు మీద మస్కట్ ముద్ర ఎట్లా వచ్చింది? పాత కవర్ల గురించి సందేహం

ఓరుగల్లు పాతకాగితం:
అందరికీ నమస్తే. మండి బజార్ వైపు ఒక చిత్తు కాగితాల కొట్టులో పాత కవర్ల కట్ట దొరికింది, తూకం లెక్కన తీసుకున్నా. అడ్రసులు కొన్ని ఉర్దూలో, కొన్ని గుజరాతీలో ఉన్నాయి, ఏ వ్యాపారుల ఇంట్లోవో తెలియదు. నాకు అర్థం కానివి ఇవి. ఒక కవరు మీద ఐదో జార్జి బొమ్మ ఉన్న మామూలు ఇండియా స్టాంపు ఉంది, దాని మీద గుండ్రటి ముద్రలో చివరి అక్షరాలు ఎస్, సి, ఎ, టి మాత్రమే కనిపిస్తున్నాయి, వెనక బొంబాయి ముద్ర ఉంది. ఇంకో దాంట్లో స్టాంపు మీద బొంబాయి ముద్ర, వెనక బహ్రయిన్ ముద్ర. మూడో దాంట్లో ఇండియా స్టాంపు మీదనే నల్లగా కువైట్ అని అచ్చు వేసి ఉంది. నాలుగోది ఇంకా వింత, బొమ్మ ఇంగ్లండ్ స్టాంపుది, దాని మీద రెండున్నర అణాలు అని అచ్చు, ఏ దేశం పేరూ లేదు. ఇంగ్లండ్‌లో అణాలు ఎక్కడివి? ఇవన్నీ దొంగవా, అసలువా? స్టాంపులు కవరు నుంచి తీసి ఆల్బమ్‌లో పెట్టుకోవాలా?

సుబేదారి శ్రీను:
తమ్మీ, గోరువెచ్చని నీళ్లలో ఒక పావుగంట వేసి ఉంచు, స్టాంపులు వాటంతట అవే ఊడొస్తాయి. న్యూస్ పేపర్ మీద ఆరబెట్టు. నేను చిన్నప్పటి నుంచి గట్లనే చేస్తున్నా.

కరీంనగర్ టపాపెట్టె:
శ్రీను అన్నా, మీ మీద గౌరవంతోనే చెప్తున్నా, ఆ పని అస్సలు చేయొద్దు. మామూలు రోజువారీ స్టాంపులకైతే సరే. ఈ కట్టకి అదే చేస్తే మిగిలేది రంగు కాగితం ముక్కలే. ఇక్కడ విలువంతా ముద్రలో ఉంది, ముద్ర సగం స్టాంపు మీద, సగం కవరు మీద పడి ఉంటుంది. పైగా పాత ఊదా సిరా, కొన్ని స్టాంపుల రంగులు నీళ్లు తగలగానే కరిగిపోతాయి. కత్తెర కూడా పెట్టొద్దు. కవరు నిండుగా ఉంటేనే ఎక్కడ బయలుదేరింది, ఎక్కడికి చేరింది, ఎంత టికెట్ అంటించారు అన్నది తెలుస్తుంది.

ఇక అసలు సంగతి. 1947కి ముందు గల్ఫ్‌లో చాలాచోట్ల పోస్టాఫీసులు నడిపింది బ్రిటిష్ ఇండియా తపాలా శాఖనే. మస్కట్‌లో 1864లో తెరిచారు, బహ్రయిన్‌లో 1884లో, దుబాయ్‌లో 1909లో, కువైట్‌లో 1915లో. బస్రా, బాగ్దాద్, ఇరాన్ ఒడ్డున ఉన్న బుషైర్‌లో కూడా ఉండేవి. బొంబాయి నుంచి స్టీమర్లు టపా మోసేవి, అక్కడి బ్రిటిష్ ఏజెంట్ల మీద పెత్తనం కూడా ఇండియా ప్రభుత్వానిదే. అందుకని అక్కడి కౌంటర్‌లో అమ్మింది ఇండియా స్టాంపులే, వాటిని కొట్టింది మాత్రం అక్కడి ముద్రతో. మీ మొదటి కవరు అదే అనిపిస్తుంది. స్టాంపు మీద మస్కట్ ముద్ర, వెనక బొంబాయి ముద్ర అంటే మస్కట్‌లో పోస్టు చేస్తే బొంబాయి మీదుగా వచ్చిందని లెక్క.

రెండోది అట్లా కాదు. స్టాంపు మీద పడ్డది బొంబాయి ముద్ర కాబట్టి అది బొంబాయిలో డబ్బాలో వేసిన ఉత్తరం. బహ్రయిన్ ముద్ర వెనక ఉందంటే అక్కడికి చేరినట్టు గుర్తు, అంతే. అక్కడ పని చేసిన మనిషి ఇంటికి తిరిగొచ్చేటప్పుడు తెచ్చుకుని ఉండొచ్చు. కొత్తవాళ్లు ఇక్కడనే పొరపాటు పడతారు, ఏ ఊరి పేరు కనిపిస్తే ఆ ఊరి స్టాంపు అని రాసుకుంటారు. ముందు చూడాల్సింది స్టాంపును కొట్టిన ముద్ర ఏది అని. మిగతావి దారిలో పడ్డవా, చేరాక పడ్డవా అన్నది తర్వాత. రెండోది తక్కువదని కాదు, కవరుగా బాగుంటుంది, కానీ విదేశంలో వాడిన స్టాంపు కింద రాదు.

కువైట్ అని అచ్చు వేయడం 1923లో మొదలైంది, బహ్రయిన్‌కి 1933లో. దుబాయ్‌కి మాత్రం ఇండియా వాళ్లు ఎప్పుడూ అట్లా వేయలేదు, 1947 దాకా ఉత్త ఇండియా స్టాంపులే. అంటే దుబాయ్‌ది అని చెప్పడానికి ముద్ర తప్ప ఇంకో ఆధారం ఉండదు. అలాంటిది నానబెట్టి, ముద్ర సగం పోగొట్టుకుంటే ఏం లాభం?

సుబేదారి శ్రీను:
సరే సరే, నానబెట్టొద్దు. మరి ఇంగ్లండ్ స్టాంపు మీద అణాలేంది?

కరీంనగర్ టపాపెట్టె:
1947లో దేశ విభజన తర్వాత దుబాయ్, మస్కట్ పోస్టాఫీసులు కొన్ని నెలలు పాకిస్తాన్ చేతికి పోయాయి, 1948 ఏప్రిల్ 1 నుంచి బ్రిటన్ తపాలా తీసుకుంది. కానీ గల్ఫ్‌లో చెల్లుబాటయ్యేది రూపాయే. బజార్‌లో రూపాయి, అణా తిరుగుతుంటే కౌంటర్‌లో పెన్నీలు ఎట్లా అడుగుతారు? అందుకే తమ స్టాంపుల మీదనే అణాలు, రూపాయలు అచ్చు వేసి అమ్మారు. రెండున్నర పెన్నీల స్టాంపు మీద రెండున్నర అణాలు. 1957లో మన దగ్గర నయా పైసలు వచ్చాక అక్కడి స్టాంపుల మీద కూడా నయా పైసలు అచ్చయ్యాయి. దేశం పేరు లేనివి మస్కట్, దుబాయ్ లాంటి చోట్ల అమ్మినవి. బహ్రయిన్, కువైట్‌కి పేరు కూడా వేశారు. కాబట్టి నీ నాలుగోది దొంగది అని తోసేయకు, ముద్ర చదువు.

ముద్ర సరిగ్గా కనిపించకపోతే పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం కొనుక్కో, పెద్ద ఖర్చేం కాదు. లైటు పక్కనుంచి ఏటవాలుగా పడేట్టు పెట్టి చూస్తే ఒత్తిడి గుర్తులు తేలతాయి. సెల్‌ఫోన్‌లో ఫోటో తీసి రంగు తీసేసి, కాంట్రాస్ట్ పెంచి చూడు, నలుపు ముద్ర విడిగా కనపడుతుంది. కువైట్ దానికి ఇంకో పరీక్ష ఉంది. పోస్టాఫీసు ముద్ర సిరా ఆ అచ్చు మీదుగా పోవాలి. అచ్చే ముద్ర మీద కూర్చున్నట్టు ఉంటే, వాడేసిన చవక స్టాంపు మీద తర్వాత ఎవరో కువైట్ అని కొట్టారని అనుమానించాలి. పెద్ద విలువల స్టాంపులకి ఈ దొంగతనం ఎక్కువ.

హన్మకొండ టీచరమ్మ:
ఇదంతా చదువుతుంటే మన దగ్గరి సంగతి గుర్తొచ్చింది. నిజాం రాజ్యానికి 1869 నుంచి సొంత స్టాంపులు ఉండేవి, 1950 ఏప్రిల్ 1న మన తపాలా ఇండియా తపాలాలో కలిసేదాకా నడిచాయి. కానీ అవి రాజ్యం లోపలనే చెల్లేవి. బొంబాయికి, మద్రాసుకి రాయాలంటే బ్రిటిష్ ఇండియా స్టాంపు కావాలి, సికింద్రాబాద్ లాంటి చోట్ల వాళ్ల పోస్టాఫీసులు వేరుగా ఉండేవి. ఒకే రాజ్యంలో రెండు తపాలాలు. పాతకాగితం గారూ, మీ కట్టలో ఉర్దూ ముద్రలు ఉన్న చిన్న స్టాంపులు ఏమైనా ఉంటే పడేయకండి, గల్ఫ్ వాటి కంటే ముందు వాటిని పక్కన పెట్టండి. నా మట్టుకు నాకు వరంగల్ ముద్ర దొరికితే మస్కట్ ముద్ర ఎవరికైనా ఇచ్చేస్తా.

ఓరుగల్లు పాతకాగితం:
అమ్మా, ఉర్దూవి చూస్తా, ఉన్నట్టే ఉన్నాయి. ఇంకో చిన్న కాగితం సంచిలో విడి స్టాంపులు ఉన్నాయి, ఇండియావే, గుడుల బొమ్మలు, మీద హిందీలో కోరియా అని అచ్చు. అదేంటి?

కరీంనగర్ టపాపెట్టె:
ఇది స్వాతంత్ర్యం తర్వాతి కథ. 1953లో కొరియా యుద్ధం ఆగాక ఖైదీలను చూసుకోవడానికి మన సైన్యం వెళ్లింది, ఖైదీలను తిప్పి పంపే పని చూసిన తటస్థ దేశాల కమిషన్‌కి మన జనరల్ తిమ్మయ్య అధ్యక్షుడు. ఆ దళం వాడుకోవడానికి 1949 నాటి పురావస్తు బొమ్మల స్టాంపుల మీద భారతీయ సంరక్షా కటక కోరియా, అంటే కొరియాలోని భారత సంరక్షక దళం అని అచ్చు వేశారు. 1954లో లావోస్, కంబోడియా, వియత్నాం వెళ్లిన మన వాళ్లకీ, 1962లో కాంగో, 1965లో గాజా దళాలకీ ఇట్లాంటివే వచ్చాయి. వాడనివి కావాల్సినన్ని దొరుకుతాయి, సైనికుడు ఇంటికి రాసిన కవరు మీద ఫీల్డ్ పోస్టాఫీసు, అంటే సైన్యం వెంట నడిచే పోస్టాఫీసు, ముద్రతో ఉన్నదే దొరకడం కష్టం. మీ ఊళ్లో రిటైరైన ఫౌజీలు ఉంటే వాళ్ల ఇంట్లో ట్రంకు పెట్టెలు అడగండి, కొట్లలో వెతికే పని ఉండదు.

జగిత్యాల షార్జా బావ:
నాది కొంచెం వేరే ప్రశ్న అన్నా. మా బావమరిది షార్జాలో ఉన్నాడు, మా దోస్తులు ఖతర్, ఒమన్‌లో. పాతవి కాదు, ఇప్పటి ముద్రలు కావాలంటే ఎట్లా? నేను ఇండియా స్టాంపు అంటించి కవర్లు పంపిస్తే అక్కడ కొట్టిస్తారా?

కరీంనగర్ టపాపెట్టె:
కొట్టరు బావా. ఏ దేశంలో పోస్టు చేస్తే ఆ దేశం స్టాంపే ఉండాలి. ఓడలో వేసిన ఉత్తరాలకి పాకెబోట్ అని వేరే పద్ధతి ఉంది, అది వదిలేయ్. బావమరిదికి ఈ మాటలు చెప్పు. పోస్టాఫీసు లోపలికి వెళ్లి కౌంటర్‌లో అసలు స్టాంపులే ఇవ్వమని అడగాలి, లేకపోతే మిషన్ లేబుల్ అంటించి చేతిలో పెడతారు. స్టాంపు కవరు కుడి మూలకి అంటించాలి, పక్కన ఖాళీ ఉంచాలి, కవరు లేత రంగుది, పల్చటిది కాకూడదు. ఆ తర్వాత చేతి ముద్ర వేయమని మర్యాదగా అడగాలి, రద్దీ లేని టైంలో వెళ్తే చాలామంది ఒప్పుకుంటారు. డబ్బాలో వేస్తే మిషన్ గీతలే పడొచ్చు, ఒక్కోచోట పెన్నుతో గీసేస్తారు, అప్పుడు ఏడ్చినా లాభం లేదు. చెడిపోకుండా రావాలంటే ముద్ర వేయించుకున్న కవరును ఇంకో కవరులో పెట్టి పంపొచ్చు, కానీ నిజంగా ప్రయాణం చేసిన కవరుకే నా ఓటు, నలిగినా సరే.

ఇండియా స్టాంపుతోనే విదేశీ నేల ముద్ర కావాలంటే ఒక దారి ఇప్పటికీ ఉంది. అంటార్కిటికాలో మన దక్షిణ గంగోత్రి పోస్టాఫీసు 1984లో గోవా డివిజన్ కింద పెట్టారు, 2024 ఏప్రిల్‌లో అక్కడి మన పరిశోధన కేంద్రం భారతి స్టేషన్‌లో కూడా శాఖ తెరిచారు. ముద్ర పడ్డ కవరు తిరిగొచ్చేదాకా ఓపిక ఉండాలి, అంతే. వివరాలు హైదరాబాద్ అబిడ్స్ జీపీఓలో స్టాంపులు సేకరించేవాళ్ల కోసం ఉన్న ఫిలాటెలిక్ బ్యూరోలో అడుగు.

ఓరుగల్లు పాతకాగితం:
అన్నా, చివరిగా రెండు. ఇవి ఎంత పలుకుతాయి? ఎట్లా దాచుకోవాలి? ల్యామినేషన్ చేయిద్దామనుకున్నా.

కరీంనగర్ టపాపెట్టె:
ల్యామినేషన్ మాట ఎత్తకు, వేడికి జిగురు కాగితంలోకి దిగుతుంది, ఇక మళ్లీ తీయలేం. మామూలు పీవీసీ కవర్లు కూడా కొన్నాళ్లకి స్టాంపుకి అంటుకుంటాయి, పాలియెస్టర్ స్లీవులు అడిగి తీసుకో. వానాకాలం మన దగ్గర గోడలే చెమరుస్తాయి కదా, బీరువాలో గోడవైపు కాకుండా నిలబెట్టి పెట్టు, పక్కన సిలికా జెల్ పొట్లాలు వేసి అప్పుడప్పుడు మార్చు. చేత్తో కాకుండా మొనలేని ట్వీజర్‌తో పట్టుకో.

ధర ఫోటో చూడకుండా ఎవరూ చెప్పలేరు, చెప్పినవాడిని నమ్మకు. నెట్‌లో అమ్మేవాళ్లు పెట్టిన ధర కాదు, అమ్ముడుపోయిన ధర చూడు. స్టాంపుల ధరలు రాసే స్టాన్లీ గిబన్స్ క్యాటలాగ్‌లో బ్రిటిష్ స్టాంపులు విదేశాల్లో వాడినవాటికి జెడ్ అక్షరంతో నంబర్లు ఉంటాయి, కానీ అక్కడ రాసింది కూడా నీ చేతికి వచ్చే డబ్బు కాదు. ముద్ర ఎంత స్పష్టంగా ఉంది, తేదీ చదవొస్తుందా అన్నదాని మీద చాలా తేడా వస్తుంది.

ఓరుగల్లు పాతకాగితం:
మస్కట్ కవరు ఫోటో పెడుతున్నా. ఒక మూలకి పాత సెల్లోటేప్ ఉంది, పసుపుపచ్చగా అయింది, పీకేయనా?

కరీంనగర్ టపాపెట్టె:
పీకకు. ముద్ర మీదకి రాలేదు కదా, ఉండనీ. వెనకవైపు ఫోటో కూడా పెట్టు, బొంబాయి ముద్రలో తేదీ కావాలి.