తెలుగు లెక్చరర్లకి పనికొచ్చే టెక్నాలజీ ట్రైనింగ్ ఎక్కడన్నా ఉందా?

కడప_తెలుగు:
నమస్తే. కడప దగ్గర డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్తాను. ప్రతి సబ్జెక్టుకీ ఆన్‌లైన్ కంటెంట్ ఉండాలంటున్నారు, మంచిదే, కానీ నేర్పేవాళ్ళేరీ? మొన్న ఒక ఆన్‌లైన్ ఎఫ్‌డీపీలో (లెక్చరర్లకి పెట్టే ట్రైనింగ్) కూర్చున్నా, ఒక టూల్ అయిపోతే ఇంకోటి చూపించుకుంటా పోయినారు, వేమన పద్యం చెప్పే క్లాసులో అవి ఎట్ల వాడాలో ఒక్కరూ చెప్పలేదు. నా నోట్సంతా అను ఫాంట్లో ఉంది, గూగుల్ క్లాస్‌రూంలో పేస్ట్ చేస్తే ఏవో పిచ్చి గుర్తులు వస్తాండాయి. ఏం చేయాల?

అనంతపురం_ఇంగ్లీష్:
సార్, అను యూనికోడ్ కాదు, అంటే అన్ని ఫోన్లు, కంప్యూటర్లు గుర్తుపట్టే అక్షరాల పద్ధతి కాదు, అందుకే అట్ల వస్తుంది. నెట్లో కన్వర్టర్లు ఉన్నాయి, మార్చినాక ఒత్తులు మాత్రం ఒకసారి చూసుకోండి. ట్రైనింగ్ ప్రమోషన్ కోసమైతే యూజీసీ మాలవీయ మిషన్ టీచర్ ట్రైనింగ్ సెంటర్లు ఉన్నాయి, పాత హెచ్‌ఆర్‌డీసీలే (హ్యూమన్ రిసోర్స్ డెవలప్‌మెంట్ సెంటర్లు), 2023లో పేరు మారింది. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల సైటు స్వయంలో కూడా కోర్సులు దొరుకుతాయి. కానీ క్లాసు మారాలంటే పక్క లెక్చరర్‌తో కూర్చోవాల్సిందే. మా దగ్గర తెలుగు, ఇంగ్లీష్, హిందీ వాళ్ళం శనివారం సాయంత్రం ల్యాబులో కలుస్తాం, ఒకరు వచ్చే వారం చెప్పబోయే పాఠం తెస్తారు, దానికి ఏం కావాలో అదొక్కటే నేర్చుకుంటాం, మిగతా టూల్స్ జోలికి పోము.

కర్నూలు_తెలుగు:
మేడం చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నేను వాడేది గూగుల్ డాక్స్ వాయిస్ టైపింగ్ ఒక్కటే. ఫస్టియర్ పిల్లల్ని వాళ్ళ ఊరి మాటలోనే ఇంటి సంగతి చెప్పమంటా. ఒక అమ్మాయి "మాయవ్వ గొర్రెలు తోలకపోయింది" అంటే స్క్రీన్ మీద "మాయ" విడిగా, "అవ్వ" విడిగా పడింది. అది తప్పని క్లాసంతా ఒకటే గోల. ఎందుకు తప్పో చెప్పండి అంటే మా, అవ్వ కలిసి మధ్యలో య వచ్చిందని వాళ్ళే తేల్చినారు, యడాగమం బోర్డు మీద రాయకముందే వచ్చేసింది! అందరికీ ఫోన్లుండవు, గ్రూపుకి ఒకటుంటే చాలు. ఇంకో మాట, ఈ నేర్చుకునే టైము టైంటేబుల్లో పెట్టాలని ప్రిన్సిపాల్‌ని గట్టిగా అడగండి, సాయంత్రం బస్సులు పట్టుకునేవాళ్ళు ఆగలేరు.

కడప_తెలుగు:
చాలా థాంక్స్. మేడం, మీ శనివారం కూర్చోడంలో నేను ఆన్‌లైన్లో కలవచ్చా?

అనంతపురం_ఇంగ్లీష్:
తప్పకుండా సార్. మీట్ లింక్ మెసేజ్ చేస్తా, మీరు ఏ పద్యం చెప్పబోతున్నారో శుక్రవారం లోపల యూనికోడ్‌లో పంపండి.