చర్చ: ఏఆర్ తొలినాళ్లు – చేసి చూసినవాళ్లు చెప్పండి

కొత్తకళ్లు:
అగ్మెంటెడ్ రియాలిటీ (ఏఆర్, అంటే ఎదుట కనిపించే నిజం మీద కంప్యూటర్ బొమ్మని కలిపి చూపడం) మొదలైన రోజుల మీద సెమినార్ ఇవ్వాలి. మొదట చేసిందెవరు? బొమ్మ ఎందుకు వణికేది? చేత్తో కదిపే వీలు ఎప్పుడొచ్చింది? మార్కర్లతో (కెమెరా గుర్తుపట్టేలా కాగితం మీద వేసే నల్ల చదరాలు) డెమో కూడా చూపిద్దామనుకుంటున్నా.

నల్లచదరం:
వణుకు సంగతి నన్నడగండి. ఏఆర్‌టూల్‌కిట్‌తో (మార్కర్‌ని గుర్తుపట్టి దాని మీద బొమ్మ నిలబెట్టే సాఫ్ట్‌వేర్) మూడు నెలలు కుస్తీ పట్టాను. హిరో అని రాసుండే మార్కర్ ప్రింట్ తీసి, నలగకూడదని లామినేషన్ చేయించా. అదే కొంప ముంచింది. లైటు పడి మెరిసిన చోట నల్ల అంచు కెమెరాకి తెల్లగా కనిపించి, మార్కర్ మీద నిలబడాల్సిన ఘనం బొమ్మ మాయం! శాంపిల్ కోడ్‌లో థ్రెషోల్డ్ (నలుపుకీ తెలుపుకీ మధ్య హద్దు) 100 ఉంటుంది కదా, దాన్ని పెంచుతూ తగ్గిస్తూ రాత్రంతా కూర్చుని సరిచేశా. తెల్లారి డెమోలో ఎవరో పుణ్యాత్ముడు కిటికీ తెర తీశాడు. అంతే సంగతులు.

వైరుముడి:
మొదట చేసింది ఐవన్ సదర్లాండ్, హార్వర్డ్‌లో, 1968. ఇందులో చర్చేముంది?

తలబరువు:
అది వీఆర్ (వర్చువల్ రియాలిటీ, అంతా కల్పిత లోకమే) కదండీ. ఏఆర్ అన్న మాట పుట్టిందే బోయింగ్‌లో. కాడెల్, మైజెల్‌ల పేపర్ 1992ది. విమానం వైర్ల కట్టలు అల్లేవాళ్లకి ఏ వైరు ఎటు పోవాలో కళ్ల ముందే చూపించాలని వాళ్ల ఆలోచన.

వైరుముడి:
పేరు పెట్టకముందు బిడ్డ పుట్టనట్టేనా? సదర్లాండ్ తలకి పెట్టుకునే పరికరంలో సగం వెండిపూత అద్దాల్లోంచి ఎదురుగా గది కనిపించేది, దాని మీద గీతల బొమ్మ తేలేది. గది కనిపిస్తుంటే వీఆర్ ఎలా అవుతుంది? దాన్నే స్వోర్డ్ ఆఫ్ డామొక్లిస్ (పాత కథలో నెత్తి మీద వేలాడే కత్తి) అనేవారు.

గోడమీదనీడ:
మళ్లీ అదే తప్పు! ఆ పేరు కళ్లజోడుది కాదు. తల ఎటు తిరిగిందో కొలవడానికి సీలింగ్ నుంచి వేలాడదీసిన ఇనపచేతిది. అయినా అందరూ నెత్తిన పెట్టుకునే వాటి గురించే మాట్లాడతారేం? 1970లలోనే మైరన్ క్రూగర్ వీడియోప్లేస్‌లో మనిషి నీడే తెర మీద బొమ్మలతో ఆడుకునేది. జోడూ లేదు, బరువూ లేదు.

తలబరువు:
తెర మీద నీడ ఏఆర్ అయితే టీవీలో అమెరికన్ ఫుట్‌బాల్ మైదానం మీద గీసే పసుపు గీత కూడా ఏఆరే. 1998 నుంచి ఉంది.

అనుభవజ్ఞుడు:
పదిహేనేళ్లుగా ట్రాకింగ్ (తల, కెమెరా ఎటు కదిలాయో కొలవడం) మీదే పనిచేస్తున్నాను. ముందు ఏఆర్ మీద అజూమా రాసిన 1997 సర్వే పేపర్ చదివి రండి. నిజం, కల్పితం కలవాలి, అప్పటికప్పుడు స్పందించాలి, మూడు కొలతల్లో ఒకదానికొకటి అతుక్కోవాలి. మూడూ ఉంటేనే ఏఆర్.

నల్లచదరం గారిది వణుకు కాదు, కెమెరాకి మార్కర్ దొరక్కపోవడం. తలకి పెట్టుకునే జోళ్లలో అసలు జబ్బు ఆలస్యం. తల సెకనుకి 50 డిగ్రీలు తిప్పారు, సిస్టమ్ 100 మిల్లీసెకన్లు వెనకబడింది. 5 డిగ్రీలు తేడా. చేయి చాపినంత దూరంలో బొమ్మ 6 సెంటీమీటర్లు పక్కకి పోతుంది. వైరు పక్క రంధ్రంలో దూరుతుంది.

నల్లచదరం:
సార్, పదిహేనేళ్లు మీరు లెక్కలు వేశారు, నేను మూడు నెలలు కాగితం పట్టుకు నిలబడ్డాను. దొరికినప్పుడు కూడా వణికింది. చదరం కెమెరాకి ఎదురుగా ఉంటే ఘనం ఉన్నట్టుండి అటు వాలి ఇటు వాలేది. దానికేమంటారు?

అనుభవజ్ఞుడు:
నాలుగు మూలలే ఆధారం కదా. ఎదురుగా చూస్తే కాస్త అటు వాలినా ఇటు వాలినా మూలలు దాదాపు అక్కడే పడతాయి. దేన్ని నమ్మాలో ప్రోగ్రామ్‌కి తెలీదు. కాస్త ఏటవాలుగా పట్టుకుని ఉండాల్సింది.

నల్లచదరం:
ఈ ముక్క అప్పుడు చెప్పినవాడు లేడు.

వైరుముడి:
ఇనపచేయైనా కళ్లజోడైనా సంవత్సరం 1968యే. అది ఒప్పుకోండి చాలు.

కొత్తకళ్లు:
సెమినార్ ఎల్లుండే. మార్కర్ లామినేషన్‌కి ఇచ్చేశాను ☹

నల్లచదరం:
పరిగెత్తు, ఆపు! మెరవని కాగితం మీద ప్రింట్ తీసి అట్టకి అంటించు. చుట్టూ ఉన్న తెల్ల అంచు మాత్రం కత్తిరించకు.